ఆ రంధ్రంలో పిన్ను గుచ్చకండి: ఇంటి నెట్‌కు సొంత రౌటర్

వేదిక మీది పెద్దలకు, సభలోని అందరికీ నమస్కారం. పరిచయాలు ఎలాగూ అయిపోయాయి, సూటిగా విషయంలోకి వెళ్తాను. నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్ తీసేసి మంచిది కొనుక్కోవాలా, ఉన్నదాని పక్కనే ఇంకోటి పెట్టుకోవాలా? ఇదీ ఈపూట మాట్లాడమన్న అంశం. మోడళ్ల పేర్లు చెప్తానని కొందరు ఎదురుచూస్తున్నారు. చెప్పను. అవి ఏడాది తిరక్కుండానే పాతబడతాయి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది.

మీ గోడకున్న ఆ డబ్బా చూడ్డానికి ఒకటే. లోపల నాలుగైదు పనులు జరుగుతుంటాయి. ఫైబర్‌లో వచ్చే వెలుగును సిగ్నల్‌గా మార్చడం ఒక పని, ఆ పని చేసే భాగాన్ని ఓఎన్‌టీ అంటారు. కంపెనీ ఇచ్చిన ఒక్క ఐపీ అడ్రసును, అంటే నెట్‌లో మన ఇంటి నంబరును, ఇంట్లో ఉన్న ఫోన్లకీ టీవీలకీ పంచడం, బయటివాళ్లను లోపలికి రానివ్వకపోవడం రౌటర్ పని. వెనక ఉన్న నాలుగు ల్యాన్ రంధ్రాలు, అంటే పరికరాలను వైరుతో కలిపేవి, స్విచ్. వైఫై వేరే. ల్యాండ్‌లైన్ ఫోను ఉంటే దాని పని ఇంకోటి. ఇన్నింట్లో ఏ ఒక్కటి చెడినా మన నోట వచ్చేది ఒకే మాట, "నెట్ బాగాలేదు." ఏ పని చెడిందో తెలియకుండా కొత్తది కొంటే, చెడనిదాన్ని మార్చి చెడినదాన్ని అలాగే వదిలేసినట్టు అవుతుంది.

కాబట్టి ముందు వైరుతో కొలవండి. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో డబ్బాకు కలిపి, వైఫై ఆపేసి, పొద్దున ఒకసారి, రాత్రి అందరూ వాడే వేళ ఒకసారి స్పీడ్ చూడండి. వైరులో ప్లాన్‌కు తగ్గ స్పీడ్ వచ్చి, పడగ్గదిలో ఫోనుకు రాకపోతే చెడింది వైఫై ఒక్కటే. రౌటర్ జోలికి పోనక్కర్లేదు. వైరులోనే రాకపోతే లైనులోనో, ఆ డబ్బాలోనో, ఆ కేబుల్‌లోనో లోపం. కేబుల్ మార్చి చూసినా, డబ్బా ఆపి పెట్టి, అంటే స్విచ్ ఆపి మళ్లీ వేసి, చూసినా అంతే అయితే ఫిర్యాదు చేయాలి. ఎంత ఖరీదైన రౌటర్ కొన్నా రాని స్పీడ్‌ను తేలేదు.

ఇంకో ఆనవాలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. ప్లాన్ 200 అయినా, 300 అయినా, వైరులో 94, 95 ఎంబీపీఎస్ దగ్గరే గీత గీసినట్టు ఆగిపోతోందా? అప్పుడా లింకు 100 ఎంబీపీఎస్‌కే కలిసింది. డబ్బా పోర్టో (కేబుల్ పెట్టే రంధ్రం), ల్యాప్‌టాప్ పోర్టో అంతవరకే పనిచేసేదైనా అయ్యుండాలి, కేబుల్‌లో ఒక తీగైనా తెగి ఉండాలి. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, ఎనిమిది తీగలూ కావాలి. 100కు 1, 2, 3, 6 నంబర్ల నాలుగు తీగలు చాలు. అందుకే మిగతావాటిలో ఒకటి తెగినా నెట్ ఆగదు, నెమ్మదిస్తుందంతే. ఆ ప్లగ్గును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ముందువైపు ఎనిమిది రాగి పళ్లు వరసగా కనిపిస్తాయి. ఎనిమిదీ ఒకే ఎత్తులో ఉండాలి. పక్క నుంచి చూస్తే, గట్టి ప్లాస్టిక్ లోపల ఎనిమిది రంగు తీగలూ చివరిదాకా వచ్చి ఆనుకుని ఉండాలి. ఒకటి వెనక్కి జరిగి ఖాళీ కనిపిస్తే దొంగ దొరికినట్టే. ప్లగ్గు కత్తిరించి మళ్లీ కొట్టించుకుంటే సరి.

ఇక డబ్బా దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంటే ముందు అడాప్టర్‌ను అనుమానించండి. ఏళ్ల తరబడి వేడెక్కి లోపలి కెపాసిటర్లు బలహీనపడతాయి. వోల్టేజీ లేబుల్ మీద ఉన్నంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, ప్లగ్గు సైజూ లోపలి ప్లస్, బయటి మైనస్ గుర్తూ కలవాలి. 12 వోల్టుల డబ్బాకు 9 వోల్టులది పెడితే లైట్లు వెలగొచ్చు, వైఫై మీద భారం పడగానే పడిపోతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం. దీన్ని చివర్లో చెప్దామని రాసుకున్నాను, ఇప్పుడే చెప్పేస్తాను. ఎందుకంటే ఇంటికెళ్లగానే ఈ తప్పు చేసేవాళ్లు ఈ సభలో కూడా ఉంటారు. డబ్బా వెనక చిన్న రంధ్రం ఉంటుంది, పక్కన రీసెట్ అని రాసి ఉంటుంది. దయచేసి దాంట్లో పిన్ను గుచ్చకండి! ఆపి పెట్టడం వేరు, రీసెట్ వేరు. ఆపి పెడితే డబ్బా నిద్రపోయి లేస్తుంది. పది సెకన్లు ఆ పిన్ను నొక్కితే తనకు చెప్పిందంతా మర్చిపోతుంది. కనెక్షన్ పెట్టిన రోజు కంపెనీ మనిషి అందులో ఏం రాశాడు? పీపీపీఓఈ, అంటే కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి, దానికి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. ఒకే లైనులో వచ్చే నెట్, ఫోను, టీవీలను వేరుచేసే వీల్యాన్ నంబర్. ఫోనుంటే దాని వివరాలు. అవన్నీ పోతాయి. ఫైబర్ లైను కలిసిందని చెప్పే పాన్ లైటు పచ్చగానే ఉంటుంది, ఇంటర్నెట్ లైటు మాత్రం ఎర్రబడుతుంది లేదా ఆరిపోతుంది. లైను బాగానే ఉంది, డబ్బా తన పేరు మర్చిపోయింది. కొన్ని కంపెనీల డబ్బాలు దూరం నుంచి ఆ వివరాలు మళ్లీ తెచ్చుకుంటాయి. తెచ్చుకోలేని డబ్బా అయితే మనిషి వచ్చేదాకా ఇల్లంతా నెట్ ఉండదు.

నా బాధ అసలు ఇక్కడే ఉంది. ఆ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఎవరివి? బిల్లు కట్టేవాళ్లవి. అయినా చాలా ఇళ్లలో అవి ఎవరికీ తెలియవు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అడగండి! అదీ నోటి మాటగా వద్దు, మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాతలో తీసుకోండి. కనెక్షన్ పీపీపీఓఈనా, అడ్రసు దానంతటదే పంచే డీహెచ్‌సీపీనా, ఎప్పుడూ మారని స్టాటిక్ అడ్రసా? పాస్‌వర్డ్ ఏమిటి? వీల్యాన్ నంబర్ ఎంత? డబ్బా రౌటర్ పని మానేసి దాన్ని మన రౌటర్‌కు వదిలేసే బ్రిడ్జ్ మోడ్ ఇస్తారా? మొదట కలిపిన పరికరం మ్యాక్ అడ్రసుకు, అంటే తయారీలోనే దానికిచ్చిన గుర్తింపు నంబరుకు, కనెక్షన్ కట్టేశారా? ఈ అయిదు జవాబులూ చేతికి రాకుండా కొత్త రౌటర్ అట్టపెట్టె విప్పొద్దు.

ఇది గొంతెమ్మ కోరికేం కాదు. తన సొంత పరికరం వాడుకునే హక్కు వినియోగదారుడికి ఉందని యూరోపియన్ యూనియన్ 2015లో తెచ్చిన 2015/2120 నిబంధన చెప్తుంది. జర్మనీలో అయితే 2016 ఆగస్టు 1 నుంచి, అడిగిన కస్టమర్‌కు లాగిన్ వివరాలు ఇచ్చి తీరాలని చట్టమే ఉంది. అదే ఏడాది నవంబరులో అక్కడే ఏం జరిగిందో కూడా వినండి. కంపెనీలు డబ్బాలను దూరం నుంచి సరిచేసుకోడానికి టీఆర్-069 అనే పద్ధతి వాడతాయి, దానికి 7547 అనే పోర్టు, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఒక తలుపు, ఉంటుంది. ఆ పోర్టు మీద దాడి జరిగితే దాదాపు 9 లక్షల ఇళ్లలో నెట్ పోయింది. దూరం నుంచి తెరుచుకునే తలుపు కంపెనీకి వీలే, కానీ దానికి సరైన కాపలా లేకపోతే నష్టపోయేది మన ఇల్లు. అందుకే సొంత రౌటర్ కొంటే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో ముందు చూడండి, యాంటెన్నాలు లెక్కపెట్టడం తర్వాత.

సరే, మార్చుదామనే నిర్ణయించుకున్నారు. ఫైబర్ ఇళ్లలో ఓఎన్‌టీని, అంటే అది లోపల ఉన్న డబ్బాను, మాత్రం తీయొద్దు. అవతల ఎక్స్‌ఛేంజిలో ఉన్న యంత్రం దాని సీరియల్ నంబర్‌ను గుర్తుపట్టి పలుకుతుంది, బజారులో కొన్నదాన్ని కంపెనీ నమోదు చేస్తే తప్ప పలకదు. ఆ సన్నటి వైరు చివర పచ్చ మూతి చూశారా? దాని గాజు ముక్క 8 డిగ్రీల ఏటవాలుగా చెక్కి ఉంటుంది, తిరిగొచ్చే వెలుగు పక్కకు పోవడానికి. నీలం మూతిది నున్నగా నిటారుగా ఉంటుంది. ఆ రెండూ కలిపితే మధ్యలో సందు మిగిలి సిగ్నల్ పడిపోతుంది. ఆ చివరను వేలితో తాకొద్దు, కంటికెదురుగా పెట్టుకుని చూడొద్దు. 1490 నానోమీటర్ల వెలుగు కంటికి కనబడదు. వైరును చుట్ట చుడితే 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుతుగా చుట్టొద్దు. డబ్బా సెట్టింగుల పేజీలో రిసీవ్ పవర్, అంటే అందే వెలుగు బలం, కనబడితే అది మామూలు జీపాన్ (ఇళ్లకిచ్చే ఫైబర్ పద్ధతి) లైనులో -8 నుంచి -27 డీబీఎం మధ్య ఉండాలి. -27కు ఆనుకుని ఉంటే వర్షానికో కుదుపుకో తెగుతుంది. అది కంపెనీ సరిచేయాల్సిన లైను.

ఎక్కువ ఇళ్లకు సరిపోయేది యాక్సెస్ పాయింట్ పద్ధతి. కంపెనీ డబ్బా తన పని తాను చేస్తుంది, వైఫై ఒక్కటి మీ కొత్త పరికరం చూసుకుంటుంది. కొత్త రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే దాన్ని ఎంచుకోండి, కేబుల్ ఎక్కడ పెట్టాలో అదే చెప్తుంది. లేకపోతే చేత్తో చేయాలి. ముందు కొత్త రౌటర్‌ను ల్యాప్‌టాప్‌కు మాత్రమే కలిపి, ఆ రౌటర్ అడ్రసును 192.168.1.2 చేయండి, డబ్బాది 192.168.1.1 అయితే. డబ్బా పంచే అడ్రసుల వరసలో ఈ .2 ఉండకూడదు. తర్వాత కొత్తదాంట్లో డీహెచ్‌సీపీ ఆపండి. అప్పుడు డబ్బా ల్యాన్ నుంచి కొత్తదాని ల్యాన్‌కు కేబుల్ వేయండి, బయటి లైను కోసం ఉండే వాన్ రంధ్రం ఖాళీగా ఉంచండి. చివరగా పాత డబ్బా వైఫై ఆపండి.

డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే వచ్చే రోగం మహా చిత్రంగా ఉంటుంది. ఇంట్లో అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరవుతారు. ఎవరు ముందు పలికితే ఫోను వాళ్ల మాట వింటుంది. కొత్తదాని మాట విన్న ఫోను బయటికి దారి లేని గేటు దగ్గర నిలబడిపోతుంది. ఒక ఫోనుకు నెట్ వస్తుంది, పక్కదానికి రాదు. ఆపి పెడితే అది తారుమారు. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది కాబట్టి అందరూ లైను పోయిందనుకుంటారు. పని చేయని ఫోనులో గేట్‌వే అడ్రసు చూడండి. డబ్బాది కాకుండా వేరేది ఉంటే ఇదే జబ్బు.

డబ్బా నుంచి వచ్చే కేబుల్‌ను కొత్తదాని వాన్ రంధ్రంలో పెట్టి, దాన్ని రౌటర్‌గానే ఉంచితే డబుల్ నాట్ అవుతుంది, అంటే ఒక్క అడ్రసును పంచే పని (నాట్) రెండుసార్లు జరుగుతుంది. బ్రౌజింగు, సినిమాలు మామూలుగానే నడుస్తాయి. ఆటలు, బయట నుంచి కెమెరా చూడడం, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటివాళ్లకు లోపలి పరికరం దాకా దారి ఇవ్వడం) ఇబ్బంది పెడతాయి. రెండూ 192.168.1.1 మీదే ఉంటే అసలు నడవదు. కొత్తదాన్ని 192.168.50.1కి మార్చండి.

రౌటర్ పని కూడా మీదే కావాలంటే బ్రిడ్జ్ మోడ్. డబ్బా వెలుగును మార్చి వదిలేస్తుంది, పీపీపీఓఈ లాగిన్ మీ రౌటర్ చేస్తుంది. వీల్యాన్ నంబర్ బ్రిడ్జ్‌లో డబ్బాయే అంటిస్తుంటే రౌటర్‌లో మళ్లీ పెట్టకండి, రెండుసార్లు అంటితే లాగిన్ కాదు. ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్ (డేటా మూట) గరిష్ఠ సైజు, 1492 పెట్టండి. పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తినేస్తుంది, 1500లో మిగిలేది అంతే. ఇది తప్పితే కొన్ని సైట్లు చకచకా తెరుచుకుని, కొన్ని సగంలో వేలాడతాయి. లాగిన్ అవ్వకపోతే డబ్బాను కొన్ని నిమిషాలు ఆపండి, పాత సెషన్ అవతల ఇంకా బతికి ఉండొచ్చు. మ్యాక్ కట్టేసిన కనెక్షన్ అయితే పాత డబ్బా మ్యాక్‌ను రౌటర్‌లో క్లోన్ (నకలు) చేయండి. బ్రిడ్జ్‌లో డబ్బా ఫోను పని ఆగిపోవచ్చు, కంపెనీ టీవీ సెట్‌టాప్‌కు వేరే వీల్యాన్ కావాల్సి రావొచ్చు, ముందే అడగండి. అన్నీ అయ్యాక రౌటర్ వాన్ అడ్రసు చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ పైన కంపెనీదే ఇంకో నాట్ ఉంది. దాన్ని ఏ రౌటరూ తీయలేదు. బయటికి నేరుగా కనిపించే పబ్లిక్ అడ్రసు అడగాలి, లేదా కొత్త తరం అడ్రసుల పద్ధతి ఐపీవీ6 వాడాలి.

స్పీడ్ బాగానే ఉంది, కానీ ఎవరైనా ఫోటోలు పైకి ఎక్కిస్తుంటే వీడియో కాల్ తెగుతోందా? అది క్యూ రోగం. డబ్బాలో ప్యాకెట్లు బారులు తీరి ఆగిపోతాయి. అప్‌లోడ్ నడుస్తుండగా పింగ్, అంటే సందేశం వెళ్లి తిరిగొచ్చే సమయం, చూడండి, 10 మిల్లీసెకన్ల నుంచి వందల్లోకి ఎగబాకితే అదే. ఆ బారును అదుపులో పెట్టే ఎఫ్‌క్యూ కోడెల్ లేదా కేక్ అనే పద్ధతి ఉన్న రౌటర్ తెచ్చుకుని, లైను నిజంగా ఇచ్చే స్పీడ్‌లో 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి. ఆ కాస్త తగ్గించుకుంటే బారు మన చేతిలోకి వస్తుంది. సొంత రౌటర్‌కు నా మట్టుకు ఇంతకంటే మంచి కారణం లేదు.

వైఫై సంగతి క్లుప్తంగా. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానళ్లలో ఒకటి, చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న చానళ్లు పెడితే రాడార్ ఉందేమో అని కనీసం నిమిషం విని మొదలవుతాయి, కంగారుపడకండి. ఇనప బీరువా వెనక, అద్దం వెనక, నీళ్ల ట్యాంకు పక్కన పెట్టొద్దు. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్నదాన్నే మళ్లీ పలుకుతుంది కాబట్టి స్పీడ్ సగం పోతుంది, వీలైనచోట కేబుల్ లాగండి. కరెంటు పోయినా నెట్ ఉండాలని చిన్న యూపీఎస్ పెట్టేవాళ్లు ఓఎన్‌టీకీ రౌటర్‌కీ రెంటికీ పెట్టాలి. రౌటర్ ఒక్కదానికే పెడితే వైఫై ఉంటుంది, నెట్ ఉండదు.

తీసిన డబ్బా అయినా, దాని అడాప్టర్ అయినా పారేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. లైను పోయి ఫిర్యాదు చేస్తే కంపెనీ మనిషి మొదట అడిగేది తమ డబ్బా పెట్టి చూపించమనే. దాని అడుగున ఉన్న లేబుల్‌ను ఈ రాత్రే ఫోటో తీసి పెట్టుకోండి, అందులో పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి గ్రూపుల్లో పెట్టకండి. ఇక ప్రశ్నలు. డబ్బా మీద లైట్లు ఏవి వెలుగుతున్నాయో, వైరులో ఎంత స్పీడ్ వచ్చిందో చూసి వచ్చినవాళ్లు ముందు అడగండి.