బోరు నీళ్లు, బ్లడ్ ఫాల్స్

అందరికీ నమస్కారం. ముందు ఈ సీసా చూడండి. పొద్దున ఆరింటికి మా వీధి బోరు దగ్గర పట్టాను. అప్పుడు తేటగా ఉన్నాయి. ఇప్పుడు అడుగున ఎర్రటి మడ్డి దిగింది, పైన సన్నటి తెట్టు కట్టింది. మన బిందెలకు పట్టే ఎర్రచార కూడా ఇదే. గాలి తగలనంతసేపూ ఇనుము నీళ్లలో కరిగే ఉంటుంది, రంగు తెలియదు. ఆక్సిజన్ తగిలిందా, తుప్పే.

అంటార్కిటికాలో ఇదే పని ఐదంతస్తుల మేడంత ఎత్తున జరుగుతోంది. 1911లో భూగర్భ శాస్త్రవేత్త గ్రిఫిత్ టేలర్ అక్కడి పొడి లోయల్లో తిరుగుతుంటే, తెల్లటి హిమానీనదం మొన మీంచి నెత్తురు కారినట్టు చారికలు కనిపించాయి. మొదట్లో ఎర్రనాచు అనుకున్నారు. నేనైనా అదే అనుకునేవాణ్ణి. ఆ హిమానీనదానికి ఇప్పుడు టేలర్ పేరే ఉంది, ఆ ధారను బ్లడ్ ఫాల్స్ అంటారు.

అంత చలిలో నీళ్లు కారడమేమిటి? పూర్వం పెళ్లిళ్లలో ఐస్‌క్రీం డబ్బా చుట్టూ ఐసుముక్కలు పోసి, వాటి మీద రాళ్ల ఉప్పు చల్లేవాళ్లు, గుర్తుందా? ఉప్పు పడితే నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. బ్లడ్ ఫాల్స్ నీళ్లు సముద్రం కంటే రెండింతలు పైగా ఉప్పన. అందుకే మైనస్ 5 డిగ్రీల్లోనూ పారుతున్నాయి. ఒకప్పుడు ఆ లోయలోకి సముద్రం చొచ్చుకొచ్చింది. తర్వాత హిమానీనదం మూతలా పైకొచ్చి కూర్చుంది. ఆ ఉప్పునీరు కనీసం పదిహేను లక్షల ఏళ్లుగా కింద ఉండిపోయిందని అంచనా.

ఆ నీళ్లలో ప్రాణం ఉంది. వెలుతురు లేదు, ఆక్సిజన్ లేదు, పైనుంచి తిండి దిగే దారి లేదు. అయినా సూక్ష్మజీవులు బతుకుతున్నాయి. ఎలాగన్నది 2009లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త జిల్ మికుకీ బృందం వివరించింది. మనం తిన్నదాన్ని అరిగించాక మిగిలే ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ అందుకుంటుంది. ఆ జీవులకు ఆక్సిజన్ లేదు కాబట్టి రాతిలోని ఇనుమే దిక్కు. వాటికీ ఇనుముకీ మధ్య సల్ఫేట్, అంటే గంధకమూ ఆక్సిజనూ కలిసిన పదార్థం, మధ్యవర్తిగా ఉంటుంది. ఎలక్ట్రాన్లను తీసుకెళ్లి ఇనుముకి అప్పగించి, మళ్లీ సల్ఫేట్‌గా తిరిగొస్తుంది. ఖర్చు కాని మధ్యవర్తి! మన ఊళ్లలో ఇలాంటివాడు దొరకడు. ఎలక్ట్రాన్లు అందిన ఇనుము నీళ్లలో కరుగుతుంది. ధార బయటపడి గాలి తగలగానే ఈ సీసాలోలాగే ఎర్రబడుతుంది.

ఇదేదో అంటార్కిటికాలో ఒక మూల వింత అనుకోకండి. 2013లో అక్కడే 800 మీటర్ల మంచు తొలిచి విలన్స్ సరస్సు నీళ్లు పైకి తీస్తే, ఒక్క మిల్లీలీటరులో లక్షకు పైగా సూక్ష్మజీవ కణాలు కనిపించాయి.

గంగోత్రి వెళ్లినవాళ్లు ఉంటే గుర్తు తెచ్చుకోండి, అక్కడి హిమానీనదం మొన గోముఖ్ దగ్గర భాగీరథి బూడిదరంగులో ఉంటుంది. మంచు తన బరువుతో రాతిని తిరగట్లో వేసినట్టు పిండి చేస్తుంది. ఆ పిండిలోని పైరైట్ అనే ఇనుము-గంధకం ఖనిజానికి నీరూ ఆక్సిజనూ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, అది పక్క రాళ్లను కరిగిస్తుంది. కొన్ని సూక్ష్మజీవులు ఈ పనిని ఇంకా వేగంగా నడిపిస్తాయి. మన గోదావరి, కృష్ణ వాన నదులు, వాటికి ఈ కథ లేదు.

సీసా వెనక వరసకి పంపుతున్నాను. కదపకుండా చూడండి, మడ్డి లేస్తుంది. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.