మండపేట పెళ్లిలో మాయమైన సూత్రం: స్టూడియోలో విచారణ

(స్టూడియోలో యాంకర్‌తో పాటు నలుగురు అతిథులు: ఒక కథా రచయిత్రి, గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్లు చేయించే పురోహితుడు, పెళ్లి వంటల మేస్త్రి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన పెద్దాయన. బల్ల మీద ఒక కాజాల డబ్బా.)

యాంకర్: నమస్కారం. ఈ వారం మనం మాట్లాడుకునేది హత్య లేని, నెత్తురు చుక్క కనిపించని డిటెక్టివ్ కథ గురించి. దీన్ని కోజీ మిస్టరీ అంటున్నారు. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు, కూపీ లాగేది పోలీసు కాదు, ఆ ఊళ్లో ఏ పెద్దావిడో. మన రచయిత్రిగారు మండపేటలో జరిగే పెళ్లి మీద అలాంటి కథ రాస్తున్నారు. ముగింపు కుదరట్లేదట. ఆ కథనే ఇక్కడ విప్పి చూద్దాం. మండపేట అన్నాక పక్కనే తాపేశ్వరం కదా, మడతకాజాలు తెప్పించాం. పన్నెండున్నాయి. చర్చ అయ్యాకే మూత తీస్తాం.

వంట మేస్త్రి: అయ్యాక ఎందుకండీ?

యాంకర్: క్రమశిక్షణ కోసం. మేడం, కథ చెప్పండి.

రచయిత్రి: శ్రావణ మాసం. ముహూర్తం తెల్లవారుజామున రెండు గంటల నలభై ఏడు నిమిషాలకి. కల్యాణ మండపంలో జనం సగం నిద్రలో ఉంటారు. పళ్లెంలో కొబ్బరిబొండం, దానికి చుట్టిన మంగళసూత్రాలు. పెద్దవాళ్లంతా తాకి దీవించడానికి ఆ పళ్లెం మండపం అంతా తిరిగి వస్తుంది. వెళ్లేటప్పుడు సూత్రాలు రెండు. వచ్చేటప్పటికి ఒకటే. ముహూర్తానికి పది నిమిషాలు. అందరికీ టెన్షన్. పెళ్లికూతురి మేనత్త, రిటైరైన తెలుగు టీచరు, కళ్లజోడు సర్దుకుని...

పురోహితుడు: ఆగండమ్మా. ఆ పది నిమిషాల టెన్షన్ అక్కడ చెల్లదు.

రచయిత్రి: అయ్యో, ఎందుకని?

పురోహితుడు: మన వైపు సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. వధూవరులు ఒకరి తల మీద ఒకరు పెట్టుకునే ఆ క్షణమే ముహూర్తం. సూత్రం కట్టేది తర్వాత. సినిమాల్లో గట్టిమేళం అనగానే తాళి చూపించి జనానికి అలా అలవాటు చేశారు. రెండు నలభై ఏడుకి మీ పెళ్లికొడుక్కి కావలసింది జీలకర్ర, బెల్లం, ఒక తమలపాకు. సూత్రానికి ఇంకా టైముంది. ఎంత టైమంటే, అవసరమైతే మంత్రం సాగదీసే విద్య కూడా మా దగ్గరుంది.

హెడ్డుగారు: అది మాకూ తెలుసు లెండి. ఆకలి మీదున్న ఏ పెళ్లివాణ్ణి అడిగినా చెప్తాడు.

పురోహితుడు: రెండోది ఇంకా పెద్ద చిక్కు. ఆ సూత్రాలు రెండింటినీ ముందే పసుపుతాడుకి గుచ్చుతాం. ముడి విప్పకుండా ఒక్కటే జారిపోవడం కుదరదు. నాలుగు వందల మంది చూస్తుండగా, చేతుల్లో తిరిగే పళ్లెంలో ముడి విప్పి, ఒకటి తీసి, మళ్లీ ముడేసేంత పనివాడైతే వాడు దొంగతనాలు మానుకుని మగ్గం పెట్టుకోవాలి.

యాంకర్: అయితే సూత్రం పళ్లెంలో పోలేదు.

పురోహితుడు: తాడుకి గుచ్చకముందే పోయుండాలి. ఇంకోటి చూడండి, సూత్రాలు రెండెందుకు? ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది. పదహారు రోజుల పండుగనాడు గానీ పసుపుతాడు నుంచి బంగారు గొలుసులోకి, నల్లపూసల్లోకి చేరవు. కాబట్టి ఒకటి పోయిందంటే నేను మొదట అడిగే ప్రశ్న, ఎవరి వైపుది?

రచయిత్రి: అది నేను... అనుకోలేదండీ. ఏదో ఒకటి.

హెడ్డుగారు: ఏదో ఒకటి అంటే ఎలాగమ్మా! పెళ్లిలో ఆడపిల్లవారి వస్తువు పోవడం వేరు, మగపెళ్లివారి వస్తువు పోవడం వేరు. రెండోది పోతే స్టేషన్‌కి రాదు. నా సర్వీసులో పెళ్లిలో పోయిన బంగారం గురించి నోటిమాటగా విన్నవి చాలా ఉన్నాయి, కాగితం మీదకి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫిర్యాదు రాసుకునేటప్పుడు మేం అడిగే మొదటి ముక్క, 'మీకెవరి మీదైనా అనుమానం ఉందా' అని. అక్కడ ఆగిపోతారు. అనుమానం ఉంటుంది, నోరు పెగలదు. వియ్యంకుడి పేరు ఎవడు రాయిస్తాడు? 'పోతే పోయిందిలే సార్, పిల్ల సుఖంగా ఉంటే చాలు' అని టీ తాగి వెళ్లిపోతారు.

యాంకర్: మీ కథలో దొంగ ఎవరు మేడం?

రచయిత్రి: ఫొటోగ్రాఫర్. అప్పుల్లో ఉంటాడు పాపం.

(మిగతావారి నవ్వులు)

హెడ్డుగారు: పెళ్లిలో ఆ ఒక్కడి దగ్గరే అమ్మా సాక్ష్యం మొత్తం ఉండేది! రెండు కెమెరాలు, పైన ఒక డ్రోను. దొంగతనం చేసి, దానికి తనే వీడియో తీసి, ఆల్బం కట్టి ఇస్తాడా? పైగా బయటివాణ్ణి దొంగ చేస్తే మీ కథ అక్కడే చచ్చిపోయింది. పనిమనిషి, డ్రైవరు, ఫొటోలవాడు... ప్రతి పెళ్లిలోనూ మొదట వేలు చూపించేది వాళ్లనే. మీరూ అదే చూపిస్తే మీ మేనత్తగారు ఎందుకు, కళ్లజోడు ఎందుకు?

రచయిత్రి: (కాసేపాగి) అది నిజమే. ఒప్పుకుంటాను.

యాంకర్: మేస్త్రిగారు, మీరేమీ అనలేదు.

వంట మేస్త్రి: నాకు మంత్రాలూ సెక్షన్లూ తెలీవండి. ఆషాఢమంతా గోళ్లు గిల్లుకుని శ్రావణం రాగానే రోజుకి రెండు పెళ్లిళ్లు వండేవాణ్ణి. కానీ పెళ్లిలో ఎవరు ఎక్కడున్నారో గాడిపొయ్యి దగ్గర కూర్చున్నవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. మొదటి బంతిలో ఎవరు కూర్చున్నారు, బూరె రెండోసారి ఎవరడిగారు, పనసపొట్టు కూర వద్దని ఆకు మీద చెయ్యి ఎవరు అడ్డం పెట్టారు, అంతా మా వడ్డనవాళ్ల నోట ఉంటుంది. ఆకలి పోయినవాడి మనసులో ఏదో ఉందని లెక్క. రాత్రి ముహూర్తాల్లో ఇంకోటుంది. ఒంటిగంట దాటాక మగపెళ్లివారిలో మగాళ్లంతా టీ కోసం మా దగ్గరికి వస్తారు. చక్కెర తక్కువ అనేవాడొకడు, అల్లం ఎక్కువ అనేవాడొకడు. రెండు గంటల టీకి రానివాడు మండపంలో లేడని రాసిచ్చేస్తాను.

రచయిత్రి: కానీ నేను అందరికీ సాక్ష్యాలు రాశానండీ. పెళ్లికొడుకు బాబాయి ఉన్నాడు, ఆయన రెండు గంటలప్పుడు మేడ మీద పిల్లలకి అరుంధతీ నక్షత్రం చూపిస్తున్నాడు. అందంగా ఉంటుందని ఆ సీను పెట్టాను. వెన్నెల, పిల్లలు...

పురోహితుడు: శ్రావణంలో, రాత్రి రెండు గంటలకా?

రచయిత్రి: అవును.

పురోహితుడు: తల్లీ, మీ బాబాయి అబద్ధమాడుతున్నాడు.

(నిశ్శబ్దం)

పురోహితుడు: సప్తర్షి మండలంలో చివరి నుంచి రెండోవాడు వశిష్ఠుడు, ఆయన పక్కన మసగ్గా అరుంధతి. మాఘ, ఫాల్గుణాల్లో అపరాత్రి పెళ్లయితే ఉత్తరాన ఎంచక్కా కనిపిస్తాయి. వైశాఖంలో రాత్రి ఎనిమిది తొమ్మిదింటికే ఎత్తున ఉంటాయి. అదే శ్రావణంలో, మన గోదావరి తీరంలో, అర్ధరాత్రికల్లా అవి ఉత్తర దిక్కున దిగిపోతాయి. రెండు గంటలకి మేడ ఎక్కినా, తాడిచెట్టు ఎక్కినా కనపడవు. మేమైతే పట్టపగలు పెళ్లిళ్లలో కూడా వేలు పెట్టి 'అదిగో అరుంధతి' అంటాం, వాళ్లూ 'కనిపించింది' అంటారు. అది శాస్త్రం కోసం. మీ బాబాయి శాస్త్రం కోసం చెప్పలేదు కదా.

యాంకర్: ఇది బావుంది! కొంచెం విరామం తీసుకుని వద్దాం.

(విరామం)

యాంకర్: మళ్లీ స్వాగతం. అందరికీ మంచినీళ్లు అందాయా?

వంట మేస్త్రి: నాకు ఇంకో గ్లాసు ఇప్పించండి.

యాంకర్: అలాగే. బాబాయి మేడ మీద లేడు. ఎక్కడున్నాడు?

రచయిత్రి: విరామంలో అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆయన టీకి రాలేదు. అంటే మండపంలోనే లేడు. రాత్రి రెండింటికి మగపెళ్లివారి మనిషి కారేసుకుని ఎక్కడికి పోతాడు?

హెడ్డుగారు: పెళ్లికొడుకుది ఏ ఊరు?

రచయిత్రి: రాజమండ్రి.

హెడ్డుగారు: ఆ వేళప్పుడు రోడ్డు ఖాళీ. ద్వారపూడి, కడియం మీదుగా గంట కూడా పట్టదు.

రచయిత్రి: ఇంటికే వెళ్లాడు! దొంగతనం జరగనే లేదు. మగపెళ్లివారు తమ సూత్రాన్ని పూజగదిలో మర్చిపోయి వచ్చారు. పురోహితుడు గౌరీపూజ దగ్గర 'సూత్రాలు తెండమ్మా' అన్నప్పుడు పెళ్లికొడుకు తల్లి పెట్టె తెరిచి చూసుకుంటే లేదు. మర్చిపోయాం అని చెప్పడానికి నోరు రాలేదు. ఎదురుకోళ్ల దగ్గర పానకంలో మిరియాలు తక్కువయ్యాయని వీళ్లని ఒక మాట అని ఉంది కదా, ఇప్పుడు తనే... అందుకని 'ఇందాకే ఈ బల్ల మీద పెట్టాను' అనేసింది. అంతే. మర్చిపోయిన వస్తువు కాస్తా పోయిన వస్తువు అయిపోయింది.

హెడ్డుగారు: నూటికి నూరుపాళ్లు. నేను చూసిన పోయిన నగల్లో సగం ఇలాగే పోయాయి.

పురోహితుడు: ఇంకో మాట చెప్పనా? ఆ మహాతల్లి నా చెవిలో వేస్తే సరిపోయేది. బంగారమే లేకపోతే పసుపుకొమ్ము కట్టిన తాడుతో పెళ్లి చేయించేస్తాం. తర్వాత తీరిగ్గా సూత్రం గుచ్చుకోవచ్చు. మాకు తెలిసిన విద్యే.

యాంకర్: మరి అడగలేదేం?

పురోహితుడు: అడిగితే మర్చిపోయామని తెలిసిపోదూ!

యాంకర్: మేనత్తకి దొరికిపోయింది. నలుగురిలో నిలదీస్తుందా?

రచయిత్రి: నిలదీస్తే అది పెళ్లి కథ కాదండీ, పంచాయితీ కథ. బాబాయి చెమటలు కక్కుకుంటూ దిగేసరికి ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. 'అరుంధతి కనిపించిందా బాబాయిగారూ?' అని చెయ్యి చాపుతుంది. ఆయన మారు మాట్లాడకుండా పొట్లం చేతిలో పెడతాడు. ఆవిడ లోపలికెళ్లి తలంబ్రాల పళ్లెంలో చెయ్యి పెట్టి, 'ఇదిగో, బియ్యంలో జారిపోయింది, అందరం ఎంత కంగారు పడ్డామో' అంటుంది.

పురోహితుడు: తలంబ్రాలు సూత్రధారణ అయ్యాక కదమ్మా. అక్షతల పళ్లెం అనండి.

రచయిత్రి: అక్షతల పళ్లెం. రాసుకున్నాను.

హెడ్డుగారు: ఫొటోగ్రాఫర్‌కి ఎవరైనా సారీ చెప్తారా?

రచయిత్రి: (ఆలోచించి) పెళ్లికొడుకు తల్లి వాడికి రెండు బూరెలు ఎక్కువ వేయిస్తుంది. ఎందుకో వాడికి తెలీదు.

వంట మేస్త్రి: అది చాలు. నెయ్యి కూడా వేయించండి.

యాంకర్: ఒక్క సందేహం హెడ్డుగారు. నిజంగానే చిన్న దొంగతనం అయితే?

హెడ్డుగారు: ఒకప్పుడు ఐపీసీలో 379 సెక్షన్ అనేవాళ్లం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 303. ఐదు వేల లోపు వస్తువైతే, మొదటి తప్పైతే, వస్తువు తిరిగిచ్చేస్తే ఇప్పుడు సమాజసేవ శిక్ష. బంగారం సూత్రం ఐదు వేలలో రాదు గానీ, కాజాలకి బాగా సరిపోతుంది.

యాంకర్: భలే గుర్తు చేశారు. చర్చ అయినట్టే, డబ్బా తీద్దాం... (లెక్కపెడుతూ) పది. పదే ఉన్నాయి! పన్నెండు కదా?

పురోహితుడు: నేను బయట తినను.

రచయిత్రి: నేను విరామంలో రాసుకుంటున్నాను. కెమెరా ఆయన చూశారు.

హెడ్డుగారు: నాకు సుగరు. అయితే ఇక్కడ ఒకరు విరామం అవగానే రెండో గ్లాసు మంచినీళ్లు అడిగారు.

(అందరూ ఒకవైపు తిరుగుతారు)

వంట మేస్త్రి: రుచి చూశానండి. ఒకటి రుచికి, ఇంకోటి అనుమానం తీరడానికి. పాకం పిసరంత ముదిరింది. వంటవాణ్ణి డబ్బా ముందు గంటసేపు కూర్చోబెట్టడం మీ తప్పు.

యాంకర్: హెడ్డుగారు, ఒప్పేసుకున్నారు! రాసుకుంటారా?

హెడ్డుగారు: పోలీసు ముందు ఒప్పుకుంటే కోర్టులో చెల్లదు.

వంట మేస్త్రి: హమ్మయ్య.

హెడ్డుగారు: కానీ నేను రిటైరయ్యాను కదా మేస్త్రీ.