జపమాలని నేల మీద పరవండి, ప్రార్థనా తోట ప్లాన్ అదే!

అందరికీ వందనాలు. ఈ విషయం ఎన్నాళ్లుగానో చెప్పాలనుకుంటున్నాను. మన గోదావరి జిల్లాల్లో క్యాథలిక్ స్కూల్లో ప్రార్థనా తోట అనుకోగానే ముందు చేసే పని మరియతల్లి స్వరూపానికి, అంటే విగ్రహానికి, ఆర్డర్ ఇవ్వడం. తర్వాత దాన్ని పెట్టడానికి ప్రహరీ మూలన సిమెంటు గుహ, దానికి గ్రిల్లు, గ్రిల్లుకి తాళం. నిరుడు వానల్లో ఒక స్కూల్లో చూశాను. గుహ ముందు చీలమండల లోతు నీళ్లు. ఇద్దరు చిన్నపిల్లలు వరండా అంచున ఆగి, అక్కడి నుంచే దండం పెట్టుకుని క్లాసుకి వెళ్లిపోయారు. నాకు చాలా బాధేసింది.

తోటకి ముందు కావాల్సింది స్వరూపం కాదండీ, దారి. జపమాలని ఇంగ్లీషులో రోసరీ అంటారు కదా, ఆ మాట లాటిన్‌లోని రొసారియం నుంచి వచ్చింది. అంటే గులాబీ తోట. పేరులోనే తోట ఉంది! అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: జేబులోని జపమాల తీసి నేల మీద పరవండి.

[జపమాలను బల్ల మీద పరుస్తూ]

చూడండి. కింద సిలువ, అది గేటు. పైన తోకలా 5 పూసలు, అది లోపలికొచ్చే బాట. ఆ తర్వాత వలయం, అందులో 54 పూసలు. పూసకి ఒక రాయి. పిల్లల నడకకి తగ్గట్టు అడుగున్నరకి ఒకటి పేరిస్తే చుట్టుకొలత 81 అడుగులు, అడ్డంగా 26 అడుగులు. బాట వెడల్పు 4 అడుగులు పెట్టినా అంతా కలిపి 3 సెంట్ల లోపే. 40 మంది క్లాసు ఇద్దరిద్దరుగా, జతకి 4 అడుగుల ఎడంతో నడిస్తే వలయం సరిగ్గా నిండుతుంది. ఈ లెక్క కుదిరిన రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

మరి స్వరూపం ఎక్కడ? తోకా వలయమూ కలిసేచోట మరియమాత పతకం ఉంటుంది కదా, అక్కడ. పిల్లలు ఆ తల్లి దగ్గర మొదలుపెట్టి, పదేసి పూసలకి ఒకటి చొప్పున యేసు, మరియతల్లి జీవిత ఘట్టాలని తలుచుకుంటూ 5 రహస్యాలూ తిరిగి, మళ్లీ ఆ తల్లి దగ్గరికే వస్తారు. వలయంలో పరలోక జపం (‘పరలోకమందున్న మా తండ్రీ’ ప్రార్థన) చెప్పే 4 పెద్ద పూసల దగ్గర 4 బెంచీలు. మన స్కూళ్లలో క్యాథలిక్కులు కాని పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లకి చిన్న పూసల దగ్గర మరియతల్లికి చెప్పే మంగళవార్త జపం రాకపోవచ్చు, కానీ పరీక్షల టెన్షన్‌లో పది నిమిషాలు నెమ్మదిగా కూర్చునే చోటు వాళ్లకీ కావాలి. ఆ బెంచీలు అందరివీ.

ఇక దారం. దారం తెగితే పూసలన్నీ చెల్లాచెదురు. తోటకి దారం అంటే బాట కింద నేల. మన నల్ల బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దాని మీద నేరుగా టైల్స్ వేస్తే నిలవవు. అడుగు లోతు మట్టి తీసి, గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించి, పైన ఇసుక పరిచి రాళ్లు పేర్చండి. బాట చుట్టుపక్కల నేల కన్నా జానెడు మెరక ఉండాలి. పక్కనే చిన్న బోదె తీసి నీరు డ్రైన్‌లోకి పోయేలా వాలు ఇవ్వండి. డబ్బులు తక్కువైతే స్వరూపం వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు, ఈ పని మాత్రం ఆపకండి.

టైమ్ అయిపోతోంది, మొక్కల సంగతి గబగబా చెప్పేస్తాను. కడియం నర్సరీల్లో అన్నీ దొరుకుతాయి. మందారం, మల్లె, పారిజాతం పెట్టండి, నీడకి పొగడ. గులాబీకి వేళ్ల దగ్గర నీరు నిలిస్తే పడదు, కుండీల్లో గేటు దగ్గర ఉంచండి. పచ్చగన్నేరు వద్దే వద్దు, దాని గింజలు ప్రాణాలు తీసేంత విషం. కొబ్బరిచెట్టు కింద బెంచీ వేయకండి, కాయో మట్టో ఎప్పుడు రాలుతుందో చెప్పలేం.

జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలాక నాటితే అక్టోబరు, అంటే జపమాల నెల వచ్చేసరికి మొక్కలు నిలదొక్కుకుంటాయి. ఆ తర్వాత మే నెల. మరియమాత నెలే, కానీ బడికి సెలవులు, కాలువలు కట్టేసి ఉంటాయి, ఎండ మండిపోతుంటుంది. నీళ్లు పోసే భారమంతా వాచ్‌మన్ మీద వేయకండి. ఏప్రిల్‌లోనే ఫాదర్‌గారికి చెప్పి, విచారణ (ఆ చర్చి పరిధి) యువతలో వారానికి ఇద్దరి పేర్లు రాయించి, పంపు గది తాళంచెవి వాళ్ల చేతికివ్వండి.