వెండి చుక్క చేపకు సొంత చీటీ కావాలి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధిస్తే నాకిచ్చిన సమయం దానికే సరిపోతుంది కనుక, మన్నించమని కోరి విషయంలోకి వస్తాను.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు కాబట్టి ఈ రోజును దోమల దినంగా జరుపుకుంటున్నాము. దోమను గురించి చెప్పగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను దోమ లార్వాలను తినే ఒక చిన్న మంచినీటి చేపను గురించి మాత్రమే మాట్లాడతాను.

దాని శాస్త్రీయ నామం ఆప్లోకైలస్ పాంచాక్స్. వేలెడంత ఉంటుంది. నీటి పైపొరను అంటిపెట్టుకుని తిరుగుతుంది, పైనుంచి చూస్తే నడినెత్తిన వెండి చుక్క మెరుస్తుంది, వీపు రెక్క మొదట్లో నల్లమచ్చ ఉంటుంది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ తన గంగానది చేపల గ్రంథంలో దీనిని ఈసాక్స్ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో), అంటే ఐరోపా నదుల్లో మీటరు పొడవు పెరిగే వేటచేపల సరసన కూర్చోబెట్టాడు. బల్లపరుపు తల, పైకి తెరుచుకునే నోరు, తోక దాకా జరిగిన వీపు రెక్క చూసి ఆయనకు ఆ పోలిక తోచి ఉంటుంది. 1839లో మెక్‌క్లెలండ్ ఆప్లోకైలస్ ప్రజాతిని ఏర్పరిచాడు కానీ, నేడు మనం ఓరైజియాస్ అంటున్న మరో చిట్టిచేపను కూడా అందులోనే చేర్చాడు. 1981లో రోజెన్, పరెంటి ఎముకల నిర్మాణాన్ని పరిశీలించి, ఓరైజియాస్ వర్గాన్ని సూదిమూతి చేపల క్రమంలోకి తరలించారు. మన చేప మాత్రం సైప్రినోడాంటిఫార్మిస్ క్రమంలో, ఆప్లోకైలిడే కుటుంబంలో నిలిచింది.

ఇదంతా పండితుల కాలక్షేపమని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. కొన్నేళ్ల క్రితం ఇదే నగరంలో ఒక ప్రదర్శనలో గాజు సీసా మీద ‘గంబూసియా’ అని, అంటే దోమల నివారణకు నీళ్లలో వదిలే మరో చేప పేరుతో, చీటీ అంటించి ఉంది. లోపల నెత్తిన చుక్కతో తిరుగుతున్నవి పాంచాక్స్‌లు. అక్కడున్న ఉద్యోగికి చెబితే, “దోమ పిల్లల్ని తింటే చాలు కదండీ, పేరేదైతే ఏం?” అన్నాడు. ఆ మాట నాకు నేటికీ మింగుడు పడలేదు. ఈ విశాఖపట్నంలోనే ఉండి ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ ఇక్కడి చేపలు 200 వర్ణించి, బొమ్మలు వేయించి, స్థానిక నామాలతో సహా 1803లో అచ్చు వేయించాడే, అలాంటి ఊళ్లోనా ఆ మాట వినవలసింది?

పేరేదైతే ఏమో చెబుతాను, దయచేసి వినండి. గంబూసియా అమెరికా చేప; 1928లో మన దేశానికి తెచ్చారు. క్రమం ఒకటే అయినా కుటుంబం వేరు, పోసిలిడే. పాంచాక్స్ నీటిమొక్కలకు గుడ్లు అంటిస్తుంది, గంబూసియా నేరుగా పిల్లలనే కంటుంది. అందుకే అది చూస్తూండగానే చెరువంతా నిండిపోతుంది. లార్వాలతో పాటు ఇతర చేపల గుడ్లను, పిల్లలను, కప్ప తోకపిల్లలను కూడా తింటుంది. ప్రపంచంలో అతి హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో దానిని చేర్చారు. చీటీ తప్పితే, మన గెడ్డల్లో తరతరాలుగా ఈ పని చేస్తున్న చేప మీదికే దానిని వదులుతాము.

ఆరోగ్య శాఖ మిత్రులారా, మూత వేసిన సిమెంటు తొట్టెల సంగతి నేను ఎత్తడం లేదు. ముడసర్లోవ జలాశయంలో కానీ, మేఘాద్రిగెడ్డ జలాశయంలో కానీ, కొండవాగుల్లో కానీ గంబూసియా డబ్బా వంచే ముందు ఒడ్డున నిలబడి నీటి పైపొరను కాసేపు చూడండి. చుక్కలు కదులుతుంటే డబ్బాను వెనక్కి తీసుకువెళ్లండి. ఆ తరువాత ఆ చెరువు పేరు పక్కన ఆప్లోకైలస్ పాంచాక్స్ అని మీ రిజిస్టరులో రాయండి.