రెండులోంచి ఏడు పోదు కదా సార్

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం రోజులూ మన ఇళ్లలో ఒకటే చర్చ. ఎంసెట్‌లో మంచి ర్యాంకు రాలేదు, ఊరు దాటి డిగ్రీకి పంపాలంటే ఖర్చు. అప్పుడు పెద్దవాళ్లెవరో అంటారు: "పోనీ, టీటీసీకి పెట్టుకోరాదూ? రెండేళ్లలో టీచరైపోతావు." టీటీసీ అనే పాత పేరు ఇంకా జనం నోట్లోంచి పోలేదు. ఇప్పుడు దాన్ని డీఎల్‌ఎడ్ అంటున్నారు, ప్రాథమిక విద్యలో డిప్లొమా. డైట్‌లు అనే ప్రభుత్వ జిల్లా శిక్షణ సంస్థల్లోనూ ప్రైవేటు కాలేజీల్లోనూ చెబుతారు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఒక డైట్‌లో లెక్కల బోధన చెప్పాను. ఆ "పోనీ" అన్న మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకో చెబుతాను.

ఒక రోజు రెండో తరగతి గదిలో వెనకాల కూర్చుని ఉన్నాను. మా దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి పాఠం చెబుతోంది. 42 లోంచి 17 తీసేయమని బోర్డు మీద లెక్క ఇచ్చింది. ఒక పిల్లవాడి పలక మీద 35 అని ఉంది. ఆ అమ్మాయి తప్పు పెట్టి పక్క పలక దగ్గరికి వెళ్లిపోయింది. నేను వాణ్ని దగ్గరికి పిలిచి, "ఎలా చేశావురా?" అని అడిగాను. "రెండులోంచి ఏడు పోదు కదా సార్. అందుకే ఏడులోంచి రెండు తీశా" అన్నాడు.

చూడండి, వాడు ఎంత ఆలోచించాడో! పెద్ద అంకెలోంచే చిన్న అంకె పోతుందని అంతకు ముందు నేర్చుకున్నది గుర్తు పెట్టుకున్నాడు, దాన్నే ఇక్కడా వాడాడు. ఆ నాలుగు అంటే నాలుగు పదులని మాత్రం వాడికి ఎవరూ చూపించలేదు. ఆ సాయంత్రం ఆ అమ్మాయీ నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. మర్నాడు కొబ్బరి ఈనెలు ముక్కలు చేసి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. వాడి ముందు నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టి, "నాకు పదిహేడు ఇవ్వు" అంది. వాడు ఒక కట్ట ఇచ్చేశాడు. ఇంకా ఏడు ఇవ్వాలి. రెండు పుల్లల వంక చూశాడు. కట్టల వంక చూశాడు. తనే ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేశాడు.

డీఎల్‌ఎడ్ అంటే నా దృష్టిలో ఇది నేర్చుకోవడం. 42 లోంచి 17 పోతే 25 అని చెప్పడానికి చదువు అక్కర్లేదు. 35 అన్న పిల్లవాడి బుర్రలో ఏం జరిగిందో కనిపెట్టడానికి మాత్రం చాలా చదువు కావాలి. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా దీని చుట్టూ తిరిగిందే. అయిదో తరగతి దాకా చెప్పే ఉద్యోగాలకు బీఎడ్ చేసినవాళ్లూ అర్హులేనని 2018లో వచ్చిన నోటిఫికేషన్‌ను కోర్టు కొట్టేసింది. చిన్నపిల్లలకు చెప్పే విద్య వేరు, దానికి శిక్షణ వేరు అంది. బీఎడ్ చదివి ఎదురుచూస్తున్న వాళ్లకు అది దెబ్బే, వాళ్ల బాధ నాకు తెలుసు. అయినా ఆ మాట సరైనదనే అనుకుంటాను.

ఇక దరఖాస్తు సంగతి. డీఎల్‌ఎడ్‌లో చేరడానికి ఏటా వేసవిలో డీసెట్ అనే ప్రవేశ పరీక్ష జరుగుతుంది, తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ విడివిడిగా. ఇంటర్‌లో 50 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకూ దివ్యాంగులకూ 45 చాలు. సెప్టెంబరు 1 నాటికి 17 ఏళ్లు నిండాలి. పైన వయసు పరిమితి లేదు. పెళ్లై, పిల్లలు బడికి వెళ్తున్న తల్లులు కూడా మా క్లాసుల్లో చదివారు, బాగా చదివారు కూడా. ఒకేషనల్ ఇంటర్ వాళ్లు మాత్రం డబ్బు కట్టే ముందే నోటిఫికేషన్‌లో తమ సంగతి చూసుకోవాలి. పరీక్ష 100 మార్కులకు, కంప్యూటర్ మీద. తెలంగాణలో తెలుగుకు 20, లెక్కలకు 20, సోషల్‌కు 20 మార్కులు. మిగతావి ఇంగ్లీషు, సైన్సులు, జనరల్ నాలెడ్జ్, బోధనాభిరుచి. ఆంధ్రప్రదేశ్‌లో పంపకం వేరుగా ఉంటుంది. కోచింగ్‌కు వేలు పోయకండి. హైస్కూలు పుస్తకాలు అటక మీంచి దించి, దుమ్ము దులిపి శ్రద్ధగా చదవండి.

ఫారం దగ్గర జరిగే పొరపాట్లు చూసి చాలాసార్లు బాధపడ్డాను. ఒకమ్మాయి తన పల్లె నుంచి నెట్ సెంటరుకు వెళ్లి, వివరాలు చెప్పి, కట్టాల్సింది కట్టి వచ్చేసింది. అక్కడి కుర్రాడు హడావిడిలో తెలుగు మీడియం బదులు వేరే మీడియం నొక్కాడు. హాల్ టికెట్ చేతికొచ్చేదాకా ఆ పిల్ల చూసుకోలేదు. తర్వాత ఎంత టెన్షన్ పడిందో, ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో! కాబట్టి సబ్మిట్ నొక్కేముందు స్క్రీన్ మీద ప్రతి అక్షరం మీరే చదువుకోండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక మండలాఫీసుకు పరిగెత్తితే చేతికి అందవు. లోకల్ కోటా మీరు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టే తేలుతుంది.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో డైట్‌లను ముందు పెట్టండి. ప్రైవేటు కాలేజీల్లో మంచివి లేవని నేననను. కానీ "రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అని ఎవరైనా అంటే ఆ గడప తొక్కకండి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం క్లాసులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఆ ఇంటర్న్‌షిప్ రెండేళ్లలో కలిపి 20 వారాలు. పలక మీద 35 కనిపించేది అక్కడే. ఆ వారాలు ఎగ్గొట్టినవాళ్ల చేతికి సర్టిఫికెట్ వస్తుందేమో గానీ, ఆ పిల్లవాడు వాళ్లకు ఎదురుపడడు.

యూనివర్సిటీలోనే చదవాలి, డిగ్రీ కూడా కావాలి అనుకునేవాళ్లకు ఇంకో దారుంది. నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు, ఐటెప్ అంటారు. దానికి ప్రవేశ పరీక్ష ఎన్‌సెట్, తెలుగులోనూ రాయొచ్చు. హైదరాబాదు మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఈ కోర్సు ఉంది. ఏ తరగతుల వాళ్లకు చెప్పే శిక్షణ ఇస్తున్నారో చేరేముందే అడగండి. అన్ని చోట్లా చిన్న తరగతులకు కాదు.

ఉద్యోగం గురించి కూడా దాపరికం లేకుండా చెప్పాలి. డీఎల్‌ఎడ్ తర్వాత టెట్ అనే అర్హత పరీక్ష, ఆ తర్వాత ప్రభుత్వ టీచర్ ఉద్యోగాలకు డీఎస్సీ. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులైతే అందులో 6,508 ఎస్జీటీవి, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లవి. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347కు 6,371. వినడానికి బాగుంది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో దానికి ముందు డీఎస్సీ ఎప్పుడు? 2018లో. ఆ మధ్య ఏళ్లలో శిక్షణ పూర్తి చేసి వయసు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న మా పిల్లల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. "రెండేళ్లలో టీచరైపోతావు" అనే పెద్దలు ఈ ఎదురుచూపు సంగతి కూడా పిల్లలతో చెప్పాలి.

దరఖాస్తులు తీసుకునే రోజుల్లో బడులకు సెలవులు. వీధినిండా పిల్లలే. ఫారం నింపే ముందు మీ పక్కింటి రెండో తరగతి పిల్లనో పిల్లాణ్నో అరుగు మీద కూర్చోబెట్టుకోండి. 42 లోంచి 17 తీయమనండి. ఏ జవాబు వచ్చినా వెంటనే తప్పు అనకండి. ఎలా చేశావమ్మా అని అడిగి, చెప్పేదాకా ఆగండి. ఆ కబుర్లలో పడి మీరు భోజనం వేళ మరిచిపోతే, మర్నాడు పొద్దున్నే మెమో తీసుకుని ఫారం నింపడానికి బయల్దేరండి.

సెలవు. నమస్కారం.