వాపు మందులు, కుక్క అన్నవాహిక

హోస్ట్: మా కుక్కతోనే మొదలుపెడతాను డాక్టర్ గారూ. గిన్నె దగ్గర్నుంచి నాలుగడుగులు వేసి తల వంచింది, తిన్నదంతా జారిపడిపోయింది. డొక్కలు ఎగరలేదు, చప్పుడు లేదు. ముద్ద పొడుగ్గా, గొట్టంలోంచి తీసినట్టుంది, చుట్టూ జిగురు. వాంతి అనుకున్నాను.

డాక్టర్: వాంతయితే పొట్ట గట్టిగా కొట్టుకుంటుంది. మీరు చూసింది, తిన్నది కడుపులోకి దిగకుండానే వెనక్కి రావడం. ఇబ్బంది అన్నవాహికలోనే ఉందన్నమాట.

హోస్ట్: కీళ్ల నొప్పికి మెలోక్సికామ్ వాడుతున్నాం. అక్కడి కండరాన్ని అదే దెబ్బతీసిందా?

డాక్టర్: నేరుగా కాదు. మనిషి అన్నవాహికలో కింది భాగమంతా నునుపు కండరం. కుక్కకి పైనుంచి కిందిదాకా చారల కండరమే, కాళ్లను కదిపే రకం. అందుకే ఒంట్లోని కండరాలను నీరసపరిచే జబ్బులు దాన్నీ పట్టుకుంటాయి. మెలోక్సికామ్, కార్ప్రోఫెన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను తగ్గిస్తాయి. నొప్పి తగ్గుతుంది, కడుపు లోపలి పొరకున్న రక్షణా తగ్గుతుంది. పుండు పడి వాంతులు మొదలైతే యాసిడ్ పైకొచ్చి అన్నవాహికను కాలుస్తుంది. ఆ మంట లోతుకు దిగితే కండరం సరిగ్గా ముడుచుకోదు. మానేటప్పుడు మచ్చకట్టి గొట్టం ఇరుకైపోవచ్చు కూడా.

హోస్ట్: మరి స్టెరాయిడ్లు?

డాక్టర్: నాకు టెన్షన్ అక్కడే. పాలిమయోసైటిస్‌లో రోగనిరోధక వ్యవస్థే కండరం మీద పడుతుంది, దానికి ప్రెడ్నిసోలోన్ బాగా పనిచేస్తుంది. మయస్తీనియా గ్రావిస్ అలా కాదు. నరం పంపిన సంకేతం కండరానికి అందదు. దానికి స్టెరాయిడ్ ఒకేసారి పెద్ద మోతాదులో ఇస్తే మొదటి రోజుల్లో నీరసం ఇంకా పెరగొచ్చు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చిన కుక్కకైతే, ఇన్ఫెక్షన్‌తో పోరాడే శక్తిని కూడా ఆ మందు తగ్గిస్తుంది. అందుకే ముందు ఎక్స్‌రే, మయస్తీనియాను పట్టే అసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీల రక్తపరీక్ష, ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ అయిన కార్టిసాల్ పరీక్ష. మాత్ర ఆ తర్వాతే.

హోస్ట్: మెలోక్సికామ్ ఇస్తూనే ప్రెడ్నిసోలోన్ కూడా మొదలుపెట్టొచ్చా?

డాక్టర్: అస్సలు వద్దండి. రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి, చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది. మధ్యలో ఎన్ని రోజులు ఖాళీ ఉంచాలో చూస్తున్న డాక్టర్ని అడగండి. మనం వేసుకునే ఐబుప్రోఫెన్ పొరపాటున కూడా పెట్టొద్దు.

హోస్ట్: ఈలోగా తిండి ఎలా పెట్టాలి?

డాక్టర్: ముందుకాళ్లు ఎత్తుమీద ఉండేలా నిలబెట్టి, కొంచెం కొంచెంగా. తిన్నాక 20 నిమిషాలు అలాగే పట్టుకోండి. కొన్నింటికి జారుగా చేస్తే దిగుతుంది, కొన్నింటికి చిన్న ముద్దలే నయం, రెండూ పెట్టి చూడండి. దగ్గు, జ్వరం, ఆయాసం కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.