కింది హాలు తాళం తీయండి

అధ్యక్షులవారికి, కాలనీ సంఘం పెద్దలకు, ముందు వరసలో బుద్ధిగా కూర్చున్న పిల్లలకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ అందరికీ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కాబట్టి పుస్తకాల గొప్పతనం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. పుస్తకాలు మంచివని మీకు నేను కొత్తగా చెప్పాలా? ఆ పది నిమిషాలూ నేను మనం కూర్చున్న ఈ సంఘం కింది హాలు గురించి మాట్లాడతాను.

ఈ హాలు మనం ఇంటికింత అని చందాలేసుకుని కట్టుకున్నది. పుట్టినరోజులకు, ఓణీల ఫంక్షన్లకు అద్దెకిస్తున్నాం, మిగిలిన రోజుల్లో తాళం. ఆ అద్దె సంఘానికి పనికొస్తోంది, నేను కాదనను. కానీ ఫంక్షన్ లేని ప్రతి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఈ హాలు తెరిచి ఉండాలి, చదువుకోవాలనుకున్న ప్రతి మనిషికీ, ఏ వయసువాళ్లకైనా. నా మాట ఇంతే. ఇక ఎందుకు అడుగుతున్నానో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ దారి పట్టాక మన కాలనీలన్నీ ఒకప్పుడు పొలాలు. ప్లాట్లు పడ్డాయి, ఇళ్లు లేచాయి, ఇళ్లకంటే ముందే స్కూళ్లు లేచాయి. పొద్దున ఏడింటికి పసుపు బస్సులు వీధి వీధీ తిరుగుతాయి. ఎల్కేజీకే లక్ష దాటిన ఫీజులు కడుతున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. ఇంతా చేసి, మూడేళ్ల నుంచి పదహారేళ్ల దాకా, అదీ ఫీజు కట్టగలిగితేనే, ఇక్కడ చదువు. పదహారు దాటినవాడు, బడి మానేసినవాడు, అసలు బడి మొహమే చూడని మనిషి, రిటైరై ఇంట్లో కూర్చున్న పెద్దాయన, వీళ్లెవరికీ ఈ చుట్టుపక్కల కూర్చుని ఒక పేజీ తిప్పే చోటు లేదు. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివే మన పిల్లలు టిఫిన్ డబ్బా కట్టుకుని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దాకా పోతున్నారు. పోనూ రానూ బస్సులోనే సగం ఓపిక అయిపోతుంది. ఇక ఆడపిల్లలైతే చీకటి పడేలోపు ఇల్లు చేరాలన్న టెన్షన్‌తో, నాలుగింటికే పుస్తకం మూసేసి బయలుదేరుతున్నారు.

మన పాత ఊళ్లో ప్రభుత్వ బడి ఉంది. ఎక్కడుందో తెలిసినవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎంతమంది ఎత్తారో! విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఇంటి దగ్గర్లో ఉచితంగా చదువు చెప్పాలంది. ఆ బడిలో చదివేది ఎవరనుకున్నారు? మన అపార్టుమెంట్ల వాచ్‌మన్ల పిల్లలు, మన ఇళ్లలో పనిచేసే వాళ్ల పిల్లలు, ఒడిశా నుంచి వచ్చి మన ఇళ్లు కట్టిన మేస్త్రీల పిల్లలు. ఒడియా తప్ప తెలియని ఏడేళ్ల పిల్లను తెలుగు క్లాసులో కూర్చోబెడితే ఆ పిల్ల నోరు విప్పడానికే నెలలు పడుతుంది. అలాంటి పిల్లకు సాయంత్రం ఓ గంట పక్కన కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. ఆ మనిషి ఇంజనీరే కానక్కర్లేదు, మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి చాలు.

సరే, అసలు విషయానికొస్తాను. మా అపార్టుమెంటులో వాచ్‌మన్ భార్య ఒకామె ఉంది, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చారు. పాల లెక్కలు, ఇస్త్రీ లెక్కలు అన్నీ నోటితోనే చెబుతుంది, పైసా తేడా రాదు. అంకెలు తెలుసు, అక్షరాలు రావు. బడిలో వాళ్లమ్మాయి మార్కుల కాగితం మీద సంతకం పెట్టమంటే వేలిముద్ర వేసింది. పిల్ల అది స్నేహితులకు కనిపించకుండా దాచుకుని ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ రాత్రే మా ఇంటి తలుపు కొట్టి, "టీచరమ్మా, నాకు సంతకం నేర్పు" అంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పినదాన్ని. అ, ఆలతో మొదలుపెట్టబోయాను. ఆమె వద్దంది. "ముందు ఇంగ్లీషు అక్షరాలు చెప్పండమ్మా" అంది. ఎందుకంటే రోజూ వచ్చే కొరియర్ పార్సిళ్ల మీద పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, ప్రతి పార్సిల్‌కీ మెట్లెక్కి ఎవరినో ఒకరిని చదవమని బతిమాలుకోవాలి. అందుకని మా అపార్టుమెంటు వాళ్ల పేర్లే ఆమెకు మొదటి వాచకం. తర్వాత సిటీ బస్సు బోర్డులతో తెలుగు. ఉప్పల్, నాగోల్, దిల్‌సుఖ్‌నగర్... ఆ 'ఖ్' పొల్లు దగ్గర రెండు వారాలు పట్టింది. సంతకం వచ్చింది, పేపర్లో హెడ్డింగులు వచ్చాయి, తర్వాత ఇంకో నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది.

ఎక్కడ కూర్చునేవాళ్లమో తెలుసా? పార్కింగులో, లిఫ్ట్ పక్కన, ట్యూబ్‌లైట్ కింద చాప పరుచుకుని. కార్లు వచ్చినప్పుడల్లా లేచి చాప జరపాలి. అయినా ఎవరూ మానలేదు. చివరికి ఫ్లాట్ల వాళ్ల మీటింగులో, బయటివాళ్లు లోపలికొస్తున్నారు, సెక్యూరిటీకి ఇబ్బంది అన్నారు. మర్నాటి నుంచి ఆ లైటు ఎనిమిదింటికే ఆర్పేశారు. మన ఇళ్ల తాళంచెవులు పట్టుకుని, మన వంటింట్లో తిరిగే మనుషులండీ వాళ్లు! చాప మీద కూర్చుని పలక పట్టేసరికి బయటివాళ్లయిపోయారు. నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు, ఈ మైకు ముందు దాచను కూడా.

ఆమె ఇప్పుడు ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి కడతానంటోంది. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పైన వయసుకు హద్దు లేదు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, ఒక్కో సబ్జెక్టు చొప్పున ఐదేళ్లలో పూర్తి చేసుకోవచ్చు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? మన పనమ్మాయికి, మన డ్రైవర్‌కి ఎంతమందిమి చెప్పాం? ప్రస్తుతం ఆమె పుట్టిన తేదీ కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతోంది, ఈరోజు రా, రేపు రా అంటున్నారు. ఇక్కడ రిటైరైన ఉద్యోగులు ఇంతమంది ఉన్నారు, ఏ కాగితం ఎక్కడ పుడుతుందో తెలిసినవాళ్లు. ఒక్కరు ఆమె వెంట వెళ్లండి.

దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పెట్టారు, ఇప్పుడు అంబేడ్కర్ పేరు మీద ఉన్నది. ఇలాంటి చోట 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ అక్షరాస్యత 66 శాతం చిల్లర. ఆడవాళ్లది ఇంకా తక్కువ, 58 శాతం దగ్గర.

చదువొస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. తొంభైల మొదట్లో అక్కడ రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం చదివి, ఇది మా ఇంటి కథే కదా అని లేచి సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది.

గ్రంథాలయం మాట మరిచిపోయాననుకోకండి. మీ ఇంటి పన్ను రసీదు చూడండి, అందులో లైబ్రరీ సెస్ ఉంటుంది, రూపాయికి ఎనిమిది పైసలు. ఐదు వేల పన్ను కట్టే ఇంటికి నాలుగు వందలు. అలాంటి ఇళ్లు ఆరు వందలుంటే ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. ఆ డబ్బు మనం ఏటా కడుతున్నాం. వసూలైన సెస్ గ్రంథాలయ సంస్థలకు పూర్తిగా చేరడం లేదన్న గొడవ ఎన్నేళ్లుగానో ఉంది. అడగాల్సింది మనమే. సంఘం తరఫున ఒక అర్జీ రాద్దాం. మా ప్రాంతానికి శాఖా గ్రంథాలయం ఇవ్వండి, హాలు మేమిస్తాం, మీరు పుస్తకాలు, పేపర్లు, ఒక మనిషిని ఇవ్వండి అని. నేను రాసిపెడతాను, మీరు సంతకాలు చేయండి.

వాళ్లు ఇచ్చేదాకా ఆగుదామా? 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైంది ఒకరి ఇంట్లో, రావిచెట్టు రంగారావు గారింట్లో. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి చోటే లేని రోజులవి. 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి దగ్గర కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు. వాళ్లకు హాలు లేదు. మనకు ఫ్యాన్లతో సహా ఉంది.

పెద్దవాళ్లకు కూడా చెబుతున్నా. పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లోనే ఇవ్వొచ్చంటే, ఫోన్ పట్టుకుని మనవడి వెనక తిరిగేవాళ్లు మన వీధిలో ఎంతమంది లేరు? మనవడు "నువ్వు ఉండు తాతా, నేను చేస్తా" అని లాక్కుంటాడు, నేర్పడు. ఇక్కడ శనివారం సాయంత్రం ఇంజనీరింగ్ పిల్లలు ఓ గంట కూర్చుంటే, ఒకే మాట నాలుగుసార్లు అడిగినా విసుక్కోకుండా చెబితే, అది కూడా చదువే. ఆ తాతల్లో లెక్కల మాస్టార్లు ఉన్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, వాళ్లు పక్క బల్ల మీద పిల్లలకు లెక్కలు చెబుతారు.

అద్దె పోతుందన్న భయం పెట్టుకోకండి. ఫంక్షన్లు ఎక్కువగా ఆదివారాలు, ముహూర్తాల రోజులు. మిగతా సాయంత్రాలే నేనడిగేది. కరెంటు ఖర్చు మొదటి ఆరు నెలలు నా పెన్షన్‌లోంచి ఇస్తాను, చప్పట్లు వద్దు, కూర్చోండి. నాకు కావలసింది మనుషులు. వారానికి ఒక్క సాయంత్రం ఇవ్వగలిగినవాళ్లు, బయటికెళ్లే ముందు ఆ గుమ్మం దగ్గర నోటుపుస్తకంలో పేరు, ఏ రోజు వీలవుతుందో రాసి వెళ్లండి. సోమవారం నుంచే మొదలుపెడదాం. ఆ చాప మీద కూర్చున్న ఐదుగురు ఆడవాళ్లకు వస్తానని మాటిచ్చాను.

అధ్యక్షులవారూ, తాళంచెవి ఎవరి దగ్గరుండాలో ఇక్కడే, అందరి ముందూ చెప్పండి. మీరు చెప్పాకే నేను దిగుతాను.